వెనక కుర్చీలో నలభై నిమిషాలు

"పన్నెండు రోజులే కదా. పన్నెండు కూరలు వండి, డబ్బాల్లో పెట్టి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి వెళ్లు. రోజుకొకటి వేడి చేసుకుంటాం" అన్నాడు మా ఆయన, నా బెంగంతా ఒక్క మాటతో తీర్చేసినట్టు. అప్పుడు నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. బల్ల చివర, చైనా బడుల గురించి మాకిచ్చిన పుస్తకం తెరిచి పెట్టుకున్నాను. కాలర్ అయ్యేలోపు ఒక పేరా, రెండు చేతులూ అయ్యేలోపు ఇంకో పేరా. పందొమ్మిదేళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను కానీ, కుర్చీలో కూర్చుని ఒక పుస్తకం చదవడం ఎలా ఉంటుందో మర్చిపోయాను. ఇస్త్రీపెట్టె చేతిలో ఉంటేనే ఈ ఇంట్లో నేను పుస్తకం పట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు.

అక్కడి పిల్లలు లెక్కలు ఎలా నేర్చుకుంటారో, టీచర్లు ఒకరి దగ్గర ఒకరు ఎలా నేర్చుకుంటారో చూసి రమ్మని విద్యాశాఖ ఎనిమిది మంది టీచర్లని పన్నెండు రోజులకి పంపుతోంది. పరీక్ష పెట్టారు, ఇంటర్వ్యూ చేశారు. రెండింట్లోనూ నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ సంగతి ఇంట్లో చెప్పిన రోజు మా ఆయన నోట వచ్చిన మొదటి మాట, "మరి ఇల్లు?" మా అత్తగారు ఇంకో అడుగు ముందుకేసింది. "ఏం, చైనాలో పిల్లలకి చదువు రావట్లేదా, నువ్వెళ్లి చూడ్డానికి?" అంది. "వస్తోంది కాబట్టే వెళ్తున్నానత్తయ్యా" అన్నాను. ఆవిడకి నవ్వొచ్చినట్టుంది, కానీ కొడుకు ఎదురుగా ఉన్నాడని దాచుకుంది.

బడిలోనూ ఇదే వరస. ప్రిన్సిపాల్ గారు కనిపించినప్పుడల్లా, "మీకేమైనా ఇబ్బందైతే మొహమాటపడకండి మేడమ్, మన సైన్సు మాస్టారు రెడీగా ఉన్నారు" అంటారు. సైన్సు మాస్టారు రెడీగా ఉన్నమాట నిజమే, చక్రాల పెట్టె కూడా కొనేశాడు. చైనా చదువుల గురించి ఒక్క పేజీ చదవలేదు. "రిపోర్టు మీరు రాసిపెడతానంటే నేను వెళ్లొస్తాను మేడమ్, మీకు తిరిగే శ్రమ తప్పుతుంది" అన్నాడు స్టాఫ్ రూములో అందరి ముందూ. ఎంత పెద్ద మనసో.

ఆ పుస్తకంలో ఒక భాగాన్ని నేను మూడుసార్లు చదివాను. అక్కడి బడుల్లో లెక్కల టీచర్లందరూ ఒకే గదిలో కూర్చుని ఒక పాఠాన్ని కలిసి తయారు చేసుకుంటారట. ఒకరు ఆ పాఠం చెబుతుంటే మిగతావాళ్లు తరగతిలో వెనక కుర్చీలు వేసుకుని కూర్చుంటారట. మధ్యలో మాట్లాడకూడదు, చెప్పేవాళ్లు తడబడినా అందించకూడదు. గంట కొట్టాక, ఎక్కడ తప్పిందో పాఠం చెప్పినవాళ్లే ముందు చెప్పుకోవాలి. ఇన్నేళ్లలో నా తరగతిలో వెనక కూర్చున్నది ఇన్‌స్పెక్టర్ ఒక్కడే. ఆయన హాజరు పట్టీ చూసి, రెండుసార్లు ఆవులించి వెళ్లిపోయాడు. నేను చేసే పనిని ఒక మనిషి నలభై నిమిషాలు కదలకుండా కూర్చుని చూడటమనేది నాకు బడిలోనూ జరగలేదు, ఇంట్లోనూ జరగలేదు. ఇంట్లోనైతే పని జరిగినట్టే ఎవరికీ తెలియదు. జరగనప్పుడే తెలుస్తుంది.

ప్రయాణానికి ముందు మేం చేయాల్సిన పని ఒకటుంది. ఏదైనా ఒక పాఠం నలభై నిమిషాలు చూసి, మూడు గళ్ల కాగితం నింపి శుక్రవారం మధ్యాహ్నానికి ఇవ్వాలి. ఎన్ని గంటలకు, చేసేవాళ్లు ఏం చేశారు, నేర్చుకునేవాళ్లు ఏం చేశారు. మన అభిప్రాయం ఒక్క ముక్క రాయకూడదు. కాగితం ఇవ్వకపోతే జాబితాలోంచి పేరు తీసేస్తారు. సైన్సు మాస్టారిని అడిగితే, "నా క్లాసులో కూర్చుని నా తప్పులు రాస్తారా, ఇంకా నయం" అన్నాడు. ప్రిన్సిపాల్ గారిని అడిగితే, "మీకు ఖాళీ పీరియడ్ ఎక్కడుందండీ?" అన్నారు. నిజమే, లేదు. ఎవరు రాకపోయినా వాళ్ల క్లాసులకి నన్నే పంపి, ఉన్న ఖాళీలన్నీ ఆయనే నింపేశారు. గురువారం సాయంత్రానికి కూడా నా కాగితం తెల్లగానే ఉంది.

ఆ సాయంత్రమే మా ఆయన ఇంకో ఉపాయంతో వచ్చాడు. "కూరలు వద్దులే, ఫ్రిజ్‌లో పెట్టినవి అమ్మకి పడవు. మన అమ్మాయి ఉందిగా. పధ్నాలుగేళ్లొచ్చాయి. పన్నెండు రోజులు పొద్దున్నే లేచి చేస్తే దానికీ అలవాటవుతుంది."

అమ్మాయి భోజనాల బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది. తలెత్తింది. చేయనని అంటుందేమోనని చూశాను. "ఎన్నింటికి లేవాలి నాన్నా?" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన మీద కాదు, ముందు నా మీదే. పదిహేడేళ్లుగా చప్పుడు చేయకుండా లేచి, చప్పుడు చేయకుండా వండి, ఇదంతా దానంతటదే జరిగిపోతుందన్నట్టు చేసింది నేనే. అది చూసి పెరిగింది పిల్ల. అందుకే ఎందుకు లేవాలని అడగలేదు, ఎన్నింటికని అడిగింది. బడిలో ఒక టీచర్ సెలవు పెడితే ఆ క్లాసుకి ఇంకొకరిని పంపినట్టు, నా బదులు వంటింట్లోకి నా కూతుర్ని పంపుతున్నారు. ఈ ఒక్క పనీ జరగనివ్వకూడదనుకున్నాను. నేను విమానం ఎక్కినా, ఎక్కకపోయినా.

"అమ్మాయి చేయగలిగింది మీరు చేయలేరా?" అన్నాను.

"ఎందుకు చేయలేను, వంటేమైనా బ్రహ్మవిద్యా? రేపు పొద్దున నేనే చేస్తా, చూడు. కాకపోతే ఒక మాట. నాకు ఆఫీసుకి లేటయిందంటే నువ్వు ఈ చైనా గొడవ కట్టిపెట్టాలి."

"అలాగే, చూస్తాను" అన్నాను. కట్టిపెడతానని నేను అనలేదు, ఆయనా పట్టించుకోలేదు.

శుక్రవారం ఆరున్నరకి వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒళ్లో మూడు గళ్ల కాగితం, చేతికి గడియారం. అమ్మాయిని ఏడింటిదాకా లేవద్దని ముందే చెప్పాను. మా ఆయన నన్ను చూసి, "ఇదేంటి?" అన్నాడు. "బడి పని. మీరు కానివ్వండి, నేను మాట్లాడకూడదు" అన్నాను. నన్ను కాసేపు ఎగాదిగా చూసి పనిలోకి దిగాడు.

ఆరూ ముప్ఫై రెండు: బియ్యం ఎక్కడున్నాయని అడిగారు. జవాబు లేదు. ఆరూ ముప్ఫై ఏడు: అయిదు అరలు తెరిచాక బియ్యం దొరికాయి. ఆరూ నలభై: గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్లని అడిగారు. మా ఆయన నీటి సరఫరా శాఖలో ఇంజనీరు. ఏ వీధికి ఎన్ని నీళ్లు వదలాలో లెక్కకట్టి ఊరంతటికీ పంపే మనిషి. ఆ సంగతి రాయాలని చెయ్యి లాగింది, కానీ అభిప్రాయం కిందికి వస్తుందని ఊరుకున్నాను. "నోట్లో ముత్యాలున్నాయా, చెప్పొచ్చుగా" అని విసుక్కుని అయిదు గ్లాసులు పోశాడు. ఆరూ నలభై ఆరు: ఒక పొయ్యి మీద గుడ్లు, ఇంకో పొయ్యి మీద పాలు. ఆరూ నలభై తొమ్మిది: ఫోను మోగింది, అటు తిరిగి మాట్లాడుతున్నారు.

సరిగ్గా అప్పుడే మా అత్తగారు లేచి వచ్చింది. పొయ్యి దగ్గర కొడుకు, కుర్చీలో కోడలు. "ఇదేం చోద్యమే, వాడు వండటమేంటి, నువ్వు కూర్చోవడమేంటి?" అంది.

"వెనక కూర్చున్నవాళ్లు సాయం చేయకూడదత్తయ్యా, నేను వెళ్లబోయే చోట అదే పద్ధతి" అన్నాను మెల్లగా. తిడుతుందనుకున్నాను. ఆవిడ పీట లాక్కుని నా పక్కనే కూర్చుంది. నా మీద ప్రేమతో కాదు, తమాషా చూద్దామని.

పాలు గిన్నె అంచుదాకా వచ్చాయి. ఆవిడ దిగ్గున లేవబోయింది. నేనూ సగం లేచాను. ఆవిడకి యాభై ఏళ్ల అలవాటు, నాకు పదిహేడేళ్ల అలవాటు, పాలు పొంగుతుంటే మా ఇద్దరి కాళ్లూ మమ్మల్ని అడగవు. ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. ఆవిడని ఆపడానికో, నన్ను నేను ఆపుకోవడానికో తెలియదు. పాలు పొంగి, పొయ్యి ఆరిపోయి, గట్టు మీంచి నేల మీదికి కారాయి. మా ఆయన ఫోను పడేసి పరిగెత్తుకొచ్చి గ్యాసు కట్టేశాడు.

"పాలు పొంగిపోతుంటే కూర్చోవడం కూడా ఒక చదువేనా?" అంది అత్తగారు.

"ఇంతకంటే కష్టమైంది ఇంకోటి లేదత్తయ్యా."

ఆవిడ చెయ్యి విడిపించుకోలేదు. కాసేపలాగే కూర్చుని, "నేను ఇలా ఎప్పుడూ కూర్చోలేదు" అంది, నాతో చెబుతున్నట్టు కాకుండా.

ఏడూ పదికి పెన్ను మూశాను. అన్నం జావయింది. గుడ్లు మాత్రం బాగా ఉడికాయి. తొట్టి నిండా గిన్నెలు, నేలంతా పాలు, ఇస్త్రీ చొక్కా తడిసి ముద్దయింది. "ముందు మీరే చెప్పాలి. ఎక్కడ తప్పింది?" అని అడిగాను. నిజంగా, వెటకారం లేకుండానే అడిగాను.

"ఎక్కడ తప్పడమేంటి, తప్పంతా నీదే. ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది? మొగుడు అవస్థ పడుతుంటే కూర్చుని రాసుకుంటావా, కాస్తయినా సిగ్గుండాలి. నువ్వు లేకపోతే ఇల్లు ఇలాగే ఉంటుంది. ఇప్పటికైనా తెలిసిందా?"

అత్తగారు చెంచాతో జావ నోట్లో పెట్టుకుని, "నాకిదే బాగుందిరా, నమలక్కర్లేదు" అంది. అమ్మాయి వచ్చి రెండు గుడ్లు ఒలుచుకుని డబ్బాలో పెట్టుకుంది. "బాగా ఉడికించావు నాన్నా" అని వెళ్లిపోయింది. ఆయన తడి చొక్కా విప్పుకుంటూ గడియారం చూశాడు. ఆయనకి లేటయింది. నాకు కాలేదు. నేల తుడవకుండా గడప దాటడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. వీధి మలుపు వచ్చేదాకా, వెనక్కి వెళ్లి తుడిచొద్దామా అనిపిస్తూనే ఉంది. వెళ్లలేదు.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారి గదిలో సైన్సు మాస్టారు ముందే కూర్చుని ఉన్నాడు. ప్రిన్సిపాల్ గారు నా కాగితం చదువుతూ కళ్లజోడు సర్దుకున్నారు. "ఇదేంటి మేడమ్, బియ్యం, నీళ్లు, పాలు..."

"ఏదైనా ఒక పాఠం అన్నారు కదండీ. నలభై నిమిషాలు చూశాను. వండే మనిషితో మధ్యలో మాట్లాడలేదు, సాయం చేయలేదు, అభిప్రాయం రాయలేదు. నియమం ఎక్కడైనా తప్పితే చూపించండి."

ఆయన వెతికారు, దొరకలేదు. సొరుగులోంచి ఇంకో కాగితం తీశారు. "ఇది ఇవాళే వచ్చింది. వెళ్లే ఎనిమిది మందిలో ఒకరు తిరిగి రాకుండా అక్కడే ఒక బడిలో నాలుగు నెలలు ఉండి చూడాలట. లెక్కల టీచరైతే మంచిదని రాశారు. సాయంత్రంలోపు పేరు పంపాలి. మీకు సంసారం ఉంది, కుదరదని నాకు తెలుసు. అందుకే మీ బదులు మాస్టారి పేరు..."

"మీరేమీ అనుకోకపోతే" అన్నాడు మాస్టారు.

పన్నెండు రోజులైతే ఏం జరుగుతుందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. బయట తిండి తెచ్చుకుంటారు, గిన్నెలు పోగేస్తారు, ఎలాగో నెట్టుకొచ్చామని చుట్టాలకి నవ్వుతూ చెప్పుకుంటారు. నేను పెట్టె దించగానే నా వంటిల్లు నాకు అప్పగిస్తారు. పన్నెండు రోజులు నెట్టుకురావచ్చు. నాలుగు నెలలు ఎవరూ నెట్టుకురాలేరు. ఎవరో ఒకరు నేర్చుకుని తీరాలి. ఆ ఎవరో ఒకరు నా కూతురు కాదని ఇవాళే ఇంటికెళ్లి అందరి ముందూ చెబుతాను. దాన్ని వదిలి అన్నాళ్లు ఉండగలనా అని గుండె పీకింది, ఎందుకు పీకదు. అయినా పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించే తల్లిని అది పధ్నాలుగేళ్లు చూసింది. నాలుగు నెలలు చదువుకోవడానికి వెళ్లిన తల్లిని కూడా చూడనీ.

కాగితం నా వైపు తిప్పుకుని, ఆయన బల్ల మీది పెన్నే తీసుకున్నాను.

"ఆగండి మేడమ్, తొందరెందుకు. ఇంటికి ఫోన్ చేసి ఒక మాట అడగండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"అడగడానికేం లేదండీ" అన్నాను సంతకం పెడుతూ. "పన్నెండు రోజుల్లో మా ఆయనకి ఏమీ రాదు. నాలుగు నెలలైతే నేర్చుకుంటారు."