పత్తిచేలో పోయిన క్రెడిట్లు

"నీకు పట్టా రాదు. క్రెడిట్లు చాల్లేదు," అని డీన్ తలెత్తకుండానే చెప్పేశాడు.

మవ్జూనాకు కాలేజీలో ఇది ఆఖరి సంవత్సరం. పట్టా చేతికొస్తే ఖుజంద్ పట్నం అవతల తన ఊరి బడిలో టీచరు ఉద్యోగం ఖాయం. లేకపోతే అమ్మ పక్కన పత్తిచేలో కూలికే.

"పరీక్షలన్నీ పాసయ్యాను కదండీ!"

"పాసైతే సరా? క్రెడిటంటే ఒక్క మార్కులే కాదమ్మా, క్లాసులో కూర్చున్న గంటలు కూడా లెక్కే. నిరుడు పత్తి తీసే కాలమంతా నువ్వు క్లాసులో లేవు."

"ఎలా ఉంటానండీ? బస్సులు తెచ్చి మమ్మల్ని చేలకు తోలింది మీరే కదా! అదీ చదువుకిందే జమ అన్నారు!"

"అన్నానని ఎక్కడన్నా రాసుందా?"

ఆహా, ఏం న్యాయం! చేలో వేళ్లు చీరుకుపోతుంటే దేశసేవ అన్నారు, ఇప్పుడేమో గైర్హాజరట.

ఆ సాయంత్రం హాస్టలు వంటగదిలో ఒకటే గోల. ఆఖరి ఏడాది వాళ్లందరిదీ అదే గతి. పైగా రేపు మళ్లీ పత్తి బస్సులొస్తున్నాయి.

"ఎవరికి వాళ్లం వెళ్లి డీన్ కాళ్లావేళ్లా పడదాం," అన్నాడు తోటి విద్యార్థి ఖుష్‌బఖ్త్.

"పడు నాయనా, పడు! నీకొక్కడికి క్రెడిట్లు పడేసి మా నోట్లో మట్టి కొడతాడు," అని గులందామ్ ఎగిరిపడింది.

మవ్జూనా బల్ల మీది రొట్టె తీసి తుంచింది. రొట్టె పట్టుకుని అన్న మాట తప్పినవాడికి ఆ నేల మీద పుట్టగతులుండవు.

"ఇస్తే అందరికీ ఇవ్వాలి. విడిగా ఒక్కరం తీసుకోం. అంతవరకూ పత్తి బస్సెక్కం."

రొట్టె చేతులు మారింది. ఖుష్‌బఖ్త్ అందరికన్నా చివర తీసుకున్నాడు గానీ, తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే డీన్ మవ్జూనాను ఒక్కదాన్నే పిలిపించాడు. గొంతులో తేనె ఒలకబోశాడు.

"ఇష్టపడే చేలోకి వెళ్లానని సంతకం పెట్టు తల్లీ. నీ క్రెడిట్లు ఇప్పుడే వేయిస్తా."

ఊరి బడి కళ్ల ముందు మెదిలింది. ఆశ పుట్టలేదంటే అబద్ధం.

"అందరికీ వేయిస్తారా?"

"వాళ్ల సంగతి నీకెందుకే?"

"వాళ్లతో కలిసి రొట్టె తిన్నానండీ," అని లేచి వచ్చేసింది.

ఆవరణలో బస్సులు ఆగి ఉన్నాయి. పిల్లలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక్కరూ ఎక్కలేదు. డీన్ అరిచాడు, అందరినీ కాలేజీలోంచి తీసేస్తానని బెదిరించాడు. చివరికి పోలీసులొచ్చి, డీన్ వేలెత్తి చూపితే మవ్జూనాను జీపులోకి నెట్టారు.

అంతా బిక్కచచ్చిపోయారు. అప్పుడు ఖుష్‌బఖ్త్ గబగబా వెళ్లి ముందు బస్సెక్కాడు.

"థూ, ద్రోహీ!" అని అరిచింది గులందామ్.

"నోరు మూసుకుని ఎక్కవే!" అని కసిరి, అతను డ్రైవరు వైపు తిరిగాడు. "మామా, చేలోకి కాదు. ఆ జీపు వెనకాలే పోనియ్."

డ్రైవరు డీన్ వంక చూశాడు. తోసుకుంటూ ఎక్కుతున్న పిల్లల వంక చూశాడు. బండి స్టార్టు చేశాడు. అప్పటికే వెనక బస్సు కూడా నిండుతోంది.