బావ పేరు మీద గుండె

పోర్టులో క్రేన్ నడిపే గుణశేఖర్‌కి తొమ్మిదేళ్లుగా సుగర్. ఈసారి ఫిట్‌నెస్ పరీక్షలో దొరికిపోతానని భయపడి, తన బదులు పెందుర్తి నుంచి బావ నీలకంఠాన్ని రప్పించి పోర్టు ఆసుపత్రి లోపలికి పంపాడు. నీలకంఠం ఏ పెళ్లిలోనైనా ఆఖరి బంతి దాకా లడ్డూలు తినే మనిషి. సూది మందు ఎరగడు. అంతకంటే మంచి రక్తం చుట్టాల్లో ఇంకెవరికీ లేదని గుణశేఖర్ నమ్మకం.

డాక్టరమ్మ ఈసీజీ కాగితం రెండుసార్లు చూసింది.

"గుణశేఖర్ గారూ, మీకు సుగర్ మూడు వందల పది. ఎప్పుడో గుండెపోటు కూడా వచ్చిపోయింది. తెలీలేదా?"

"నొప్పేటీ రాలేదండి. మొన్న సింహాచలం మెట్లెక్కుతన్నప్పుడు ఆయాసమొచ్చింది. గ్యాసనుకుని సోడా తాగినాను."

"సుగర్ ముదిరితే నరాలు మొద్దుబారతాయి. గుండెకి దెబ్బ తగిలినా ఒక్కోసారి నొప్పి తెలీదు. ముందే పరీక్ష చేయించుకుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. ఇవాళే పెద్దాసుపత్రికి వెళ్లండి."

బయట టీ బడ్డీ దగ్గర గుణశేఖర్ కాచుకుని ఉన్నాడు.

"పాసైపోనానా బావా?"

"నీకు గుండెపోటొచ్చిందంట బావా," అంటూ నీలకంఠం చీటీ చేతిలో పెట్టాడు. "నొప్పి తెలీకుండా వచ్చెల్లిపోద్దంట, సుగరున్నోళ్లకి."

గుణశేఖర్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఇద్దరూ ఒకే ఆటోలో పెద్దాసుపత్రికి వెళ్లారు. గుణశేఖర్ అని రాసి ఉన్న చీటీ నీలకంఠం చూపించగానే కౌంటర్లో అమ్మాయి అతన్ని లోపలికి పంపింది.

"మీకేటండి?" అని పక్కనున్న గుణశేఖర్‌ని అడిగింది.

"నాకూ గుండె పరీక్షేనమ్మా."

"పేరు?"

తన పేరు అప్పటికే లోపలికి వెళ్లిపోయింది కాబట్టి, గుణశేఖర్ చొక్కా చేయి మడుచుకుంటూ, "నీలకంఠం," అన్నాడు.