అక్క పలువరస

కొయ్య సుత్తితో మూడో దెబ్బ వేసేసరికి ఇత్తడి డబ్బాలోని ప్లాస్టర్ రెండుగా విడిపోయింది. మేస్త్రి పెచ్చులు ఊదేసి, చిన్న కత్తి మొనతో అంచులు గీకి, గులాబీరంగు చిగుళ్ళతో ఉన్న పై కట్టుడుపళ్ళ సెట్టును పసిబిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్తగా బయటికి తీశాడు. కింది సెట్టు అప్పటికే నీళ్ళ పళ్ళెంలో ఉంది. రెండింటినీ ఒకదాని మీద ఒకటి ఆనించి కిటికీకెదురుగా పట్టుకుని చూశాడు. పళ్ళ మధ్యనుంచి వెలుగు రాలేదు. కుడివైపు రాలేదు, ఎడమవైపు కూడా రాలేదు. ఎడమవైపు రెండుసార్లు చూశాడు.

దంతవైద్యశాల వెనకగదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన చేస్తున్నది ఇదే పని. కాగితాల్లో ఆయన హోదా టెక్నీషియన్ అని ఉంటుంది గానీ, డాక్టరమ్మ దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలా ఆయన దాకా అందరికీ మేస్త్రే. బక్కపలచని మనిషి. కనుబొమల మీద ఎప్పుడూ ప్లాస్టర్ పొడి ఉండటంతో, జుట్టు నెరవకముందే ముసలివాడైపోయినట్టు కనిపించేవాడు. ఇప్పుడు నిజంగానే నెరిసింది కాబట్టి ఎవరూ పట్టించుకోవటం లేదు. మైనం కత్తి కాల్చి కాల్చి కుడి బొటనవేలి చర్మం గాజులా నున్నబడిపోయింది. ఆయన పళ్ళు మాత్రం ముప్ఫై రెండూ చెక్కుచెదరలేదు. మిఠాయి కొట్టువాడు మిఠాయి తినడని లోకం నవ్వుతుంది కదా, అలాంటిదే ఇదీను.

ముందు గదుల్లో కుర్చీలో కూర్చుని నోళ్ళు తెరిచేవాళ్ళ మొహాలు మేస్త్రి ఎరగడు. ఆయన దగ్గరికి వచ్చేవి అచ్చులే. గోడనున్న అరలో వరసగా ప్లాస్టర్ దవడలు, ఒక్కోదానికీ ఒక చీటీ. సైకిలు మీంచి పడి ముందుపన్ను సగం విరగ్గొట్టుకున్నవాడికి తొడుగు. దవడపన్ను ఊడినావిడకు అటూ ఇటూ ఉన్న పళ్ళ ఆసరాతో బ్రిడ్జి. డబ్బూ ఓపికా ఉన్నవాళ్ళకు ఎముకలో మర దించి, దాని మీద పన్ను బిగిస్తున్నారు. ఆ పళ్ళు ఎక్కడో యంత్రంలో తయారై పెట్టెల్లో వస్తున్నాయి. నోట్లో ఒక్కటీ మిగలనివాళ్ళు, మరలు దించడానికి ఎముకా మిగలనివాళ్ళు మాత్రం ఇంకా మేస్త్రి చేతికే వస్తారు. వాళ్ళను తన సొంత జనంలా చూసుకుంటాడాయన. కాటు, అంటే పైపళ్ళూ కిందిపళ్ళూ కలిసే తీరు, ఏ కొంచెం అనుమానంగా ఉన్నా, 'ఇంకోసారి పిలిపించండమ్మా, కొలత మళ్ళీ తీద్దాం' అని డాక్టరమ్మతో మొండికేస్తాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అలా మొండికేయనిది ఒక్కసారే.

ఆ ఒక్కసారీ సొంత అక్క విషయంలో.

రెండేళ్ళ క్రితం అక్కకు మిగిలిన నాలుగు పళ్ళూ తీసేశారు. అచ్చు డాక్టరమ్మే తీసింది. కాటు కొలత కోసం పళ్ళ వరసలకు బదులుగా మైనం దిమ్మలు రెండు అక్క నోట్లో పెట్టి, 'కొరుకు అక్కా, మెల్లగా, ఊ, చాలు' అని మేస్త్రే స్వయంగా కొరికించి తెచ్చుకున్నాడు. ఇంతలో ఏదో అర్జెంటు పని తగిలింది. మైనాన్ని నీళ్ళలో వేయకుండా కిటికీ గట్టు మీద పెట్టేసి ఆ పనిలో పడిపోయాడు. గంట తరవాత చూస్తే ఎండ పాకి, ఎడమవైపు మైనం మెత్తబడి కుంగిపోయి ఉంది. ఇంకెవరిదైనా అయితే మళ్ళీ పిలిపించేవాడు. 'అక్కే కదా, సర్దుకుంటుందిలే' అనుకున్నాడు. కుంగినచోట మైనం అతికించి, బొటనవేలితో అదిమి, కంటి అంచనాతో ఎత్తు సరిచేసి, సెట్టు కట్టేశాడు.

కుడివైపు పళ్ళు ముందు తగిలేవి. ఎడమవైపు అగ్గిపుల్ల మందం సందు. పెట్టుకున్న మొదటిరోజే అక్క అద్దంలో చూసుకుని మురిసిపోయింది. 'మా తమ్ముడు చేశాడు' అని వీధి వీధంతా చెప్పింది. మేస్త్రి వెళ్ళినప్పుడల్లా ఆ పళ్ళతోనే నవ్వింది, ఆ పళ్ళతోనే ఎదురొచ్చింది. పల్లెత్తు మాట అనలేదు. ఆయన కూడా ఆ సందు సంగతి మెల్లమెల్లగా మరిచిపోయాడు, లేదా మరిచిపోయినట్టు ఉండటం అలవాటు చేసుకున్నాడు.

నెలన్నర క్రితం చెప్పాపెట్టకుండా వెళ్ళాడు. అక్క వాకిట్లో కూర్చుని ఉంది, బుగ్గలు లోపలికి పీక్కుపోయి, గడ్డం ముక్కుకు దగ్గరగా వచ్చి. తమ్ముణ్ణి చూడగానే గభాలున గోడవైపు తిరిగి, కొంగు చాటున పళ్ళు పెట్టుకుని అప్పుడు ఇటు తిరిగింది. మేస్త్రి ఆ సెట్టు ఇవ్వమని అడిగి చేతిలోకి తీసుకున్నాడు. అరుగుదల అన్నది మచ్చుకైనా లేదు. రెండేళ్ళ కింద తాను మెరుగుపెట్టిన మెరుపు అలాగే ఉంది. ఈ సెట్టు ఒక్క ముద్ద నమల్లేదని తెలుసుకోవడానికి ఆయనకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"నొప్పి పుడుతోందా అక్కా?"

"నా దవడే వంకరలేరా. వయసు మీద పడితే వంకరపోవా మరి? నువ్వు బాగానే చేశావు."

ఆడలేనివాడు మద్దెల ఓటిదంటాడని సామెత. ఇక్కడ మద్దెలే ముందుకొచ్చి, ఓటిదాన్ని నేనేనంటోంది. అప్పుడే చెప్పేసి ఉండవలసింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ మేస్త్రి అన్నది, "ఇవి అరిగిపోయాయక్కా, కొత్తవి చేస్తాను" అని. అరగని పళ్ళను అరిగాయన్నాడు. అక్క ఆయన మొహంలోకి ఒకసారి చూసి, "సరేలే" అంది.

అందుకే ఈ కొత్త సెట్టు. ఈసారి అక్కను మూడుసార్లు కూర్చోబెట్టాడు. మైనాన్ని కొలత తీసిన క్షణమే చల్లటి నీళ్ళలో వేశాడు. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి తెస్తానని మాటిచ్చాడు. సెట్టు పెట్టి, కాటు సరిచూసి, అప్పుడు అసలు మాట చెప్పాలని నిశ్చయం. అంచులు ఆకురాయితో రుద్దుతూ ఆ మాటనే లోలోపల తిప్పుకుంటున్నాడు. 'అక్కా, నీ దవడ వంకర కాదు. ఆరోజు మైనం కుంగింది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను.' అంతే. నాలుగు చిన్న మాటలు. గరుకు కాగితం మార్చిన ప్రతిసారీ మాట కూడా మార్చాడు. 'చూసి ఊరుకున్నాను' అన్న దగ్గర మాత్రం ఏ మాటా నున్నగా రాలేదు.

పదకొండింటికి మెరుగు చక్రం దగ్గర ఉండగా డాక్టరమ్మ వచ్చింది, చేతిలో ఒక అచ్చుతో.

"మేస్త్రీ, ముందుపళ్ళు రెండు పోయాయి ఈయనకి. రేపు ఉద్యోగానికి ఇంటర్వ్యూ అట. ప్రస్తుతానికి తాత్కాలికంగా ఒక బ్రిడ్జి కట్టిస్తే చాలు. మీకు కుదరకపోతే చెప్పండి, రేపు పొద్దున్నే పెందరాళే రమ్మంటాను."

కుదరదనడానికి దారి ఆవిడే చూపించింది. మేస్త్రి చేతిలో అక్క సెట్టు ఉంది, ఇంకో అరగంట పని. ఆయన ఆ అచ్చువైపు చూశాడు.

"ఇచ్చేస్తానమ్మా. సాయంత్రానికి ఇచ్చేస్తాను."

ఎందుకన్నాడంటే, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా లేదన్న మాట ఆయన నోట రాలేదని చెప్పుకోవచ్చు. అది సగమే నిజం. ఆ అచ్చు చేతికి అందగానే గుండెల మీంచి బరువు దిగినట్టయింది. చెప్పవలసిన మాట ఇంకో ఐదారు గంటలు వెనక్కి జరిగింది. పరీక్ష వాయిదా పడిన పిల్లవాడికి ఉండే సంతోషం లాంటిది కలిగిందని, అరవైకి దగ్గరపడ్డ మనిషి తనకు తానే ఒప్పుకోవలసి వచ్చింది.

పన్నెండుంబావుకు మేనకోడలు ఫోన్ చేసింది. అక్క ఉండేది ఆ కూతురి దగ్గరే.

"మావయ్యా, బయల్దేరావా? అమ్మ పొద్దున్నుంచి ఏమీ తినలేదు. కొత్త పళ్ళు పెట్టుకునే తింటానని కూర్చుంది."

"అర్జెంటు పని పడిందమ్మా. సాయంత్రం వస్తాను. అక్కకి ఏదైనా పెట్టు."

"నువ్వే చెప్పు."

అవతల చప్పుడు మారింది. తరవాత అక్క గొంతు, పళ్ళు లేని నోటి మెత్తటి మాట.

"పనుంటే చూసుకోరా. నాకేం తొందర? నీ పని నువ్వు చూసుకో."

"సాయంత్రం తప్పకుండా వస్తానక్కా."

"రా. నువ్వు తిన్నావా?"

తినలేదు. తిన్నానన్నాడు.

చిన్నప్పుడు అమ్మ పోయాక ఆయన నోటికి అన్నం అందించింది ఈ అక్కే. అప్పుడు అక్కకు పదమూడు, తమ్ముడికి మూడు. చెరుకు ముక్కను పళ్ళతో చీల్చి, పీచు తీసి, మెత్తటి భాగం వాడికిచ్చేది. గట్టిది ఏదైనా కాకెంగిలి చేసి కొరికి సగం పెట్టేది. 'నువ్వు కొరికితే పళ్ళు ఊడతాయి, నాకైతే గట్టివి' అనేది. ఆ గట్టి పళ్ళు ఎన్ని పనులకు అరిగాయో మేస్త్రికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఊళ్ళోవాళ్ళందరి నోళ్ళూ బాగుచేశాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, ఈయనది రచ్చలోనే సరిపోయింది.

బ్రిడ్జి నాలుగింటికి అయిపోయింది. మంచి పని. కట్టిన పళ్ళకూ పక్క పళ్ళకూ రంగు తేడా కనిపెట్టలేరు. తరవాత అక్క సెట్టు తీసుకుని, నురగరాయి పొడితో ఒకసారి, తెల్ల సుద్దతో ఒకసారి చక్రం మీద మెరుగుపెట్టాడు. నాలిక ఆనే చోట వేలితో తడిమాడు, ఎక్కడా గరుకు లేదు. కడిగి, తడి దూదిలో చుట్టి, చిన్న డబ్బాలో పెట్టి, చొక్కా జేబులో వేసుకున్నాడు. కాటు సరిచూసే నీలం కాగితం రెండు ముక్కలు కూడా పెట్టుకున్నాడు. బస్సులో జేబు మీద చెయ్యి వేసుకునే కూర్చున్నాడు.

అక్క వాళ్ళ వీధి మలుపు తిరిగేసరికి, గుమ్మం ముందు చెప్పులు మామూలుకన్నా ఎక్కువగా కనిపించాయి. మేస్త్రి నడక నెమ్మదించింది, ఆగలేదు.

మేనకోడలు అమ్మ మంచం పక్కన కింద కూర్చుని ఉంది. పక్కింటివాళ్ళు ఇద్దరు ముగ్గురు గోడవారగా నిలబడి, ఆయన్ను చూసి దారి ఇచ్చారు.

"పన్నెండింటినుంచి రెండింటిదాకా కూర్చునే ఉంది మావయ్యా," అంది మేనకోడలు. ఏడ్చి ఏడ్చి ఆగిన గొంతు. "గంజి తాగమంటే సగం గ్లాసు తాగింది. కాసేపు నడుం వాలుస్తా, వాడొస్తే లేపు అంది. నాలుగున్నరకి టీ తెచ్చి లేపబోతే..."

మేస్త్రి మంచం అంచున కూర్చున్నాడు. అక్క పక్కకు ఒత్తిగిలి పడుకున్నది పడుకున్నట్టే పోయింది. వీళ్ళు వెల్లకిలా సర్దారు. నోరు కొంచెం తెరుచుకుని, బుగ్గలు లోపలికి పోయి, అక్క మొహం అక్కది కాకుండా ఉంది. ఆయనకు ఏడుపు రాలేదు. పని వచ్చింది. జేబులోంచి డబ్బా తీశాడు.

"ఇప్పుడెందుకు మావయ్యా?"

గ్లాసు నీళ్ళలో సెట్టు ముంచి, చల్లగా తగలకూడదని కాసేపు అరచేతుల మధ్య పట్టుకున్నాడు. ఎవరికైనా అలాగే చేస్తాడు. దవడ కింద రెండు వేళ్ళతో మెల్లగా రాసి వదులు చేసి, ముందు పైది, తరవాత కిందిది పెట్టాడు. గడ్డం పట్టుకుని మూశాడు. పళ్ళు రెండువైపులా ఒక్కసారే తగిలాయి. ఆ తగలడం ఆయన వేళ్ళకు తెలిసింది. చెయ్యి దానంతటదే నీలం కాగితం కోసం జేబులోకి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

బుగ్గలు నిండాయి. పెదవులు కలిశాయి. గోడవారనున్న ఒకావిడ, "అచ్చం నిద్రపోతున్నట్టుంది తల్లి," అంది.

మేనకోడలు వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"అమ్మ తన దవడే వంకరనేదిగా మావయ్యా. మరి ఇవి ఎలా కుదిరాయి?"

పొద్దున్నుంచి నున్నగా రాని మాట అప్పుడు గరుకుగానే వచ్చింది.

"దవడ ఎప్పుడూ వంకర కాదమ్మా. ఆరోజు నేను తీసిన కొలతే కుంగిపోయింది. నేను చూశాను. అక్కే కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె గోడవారనున్నవాళ్ళవైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

"ఇంకెవరికీ చెప్పకు మావయ్యా. మా తమ్ముడు చేశాడని ఈ వీధిలో అమ్మ చెప్పనివాళ్ళు లేరు. ఇప్పుడు దాన్ని అబద్ధం చెయ్యకు."

క్షమించటానికి ఉన్న ఒక్క మనిషీ పోయింది. చెప్పుకోవటానికి ఉన్న దారి కూడా అక్క పేరుతోనే మూసుకుపోయింది. మేస్త్రి తల ఊపాడు. ఇక బతికినన్నాళ్ళూ ఆయన మంచి పనివాడిగానే బతకాలి.

మేనకోడలు లేచి, రాబోయేవాళ్ళు కూర్చోవటానికి చోటు చేస్తూ మంచం పక్క స్టూలు జరపబోయి, ఆగింది.

"రెండేళ్ళుగా అన్నీ దంచే పెట్టేదాన్ని," అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "ఇవాళ మాత్రం వద్దంది. దంచకు, అలాగే ఉంచు, వాడొచ్చాక వాడి ముందే కొరుకుతానంది."

స్టూలు మీద, మూత సగం జరిగిన చిన్న గిన్నెలో, వేయించి పొట్టు తీసిన పల్లీలు గుప్పెడు, ఒక్కటీ పగలకుండా ఉన్నాయి.