మూడో దారికి రెండో వైపు

"మేడమ్, పెద్ద సరస్సు చుట్టూ ఊళ్లు లేవా?"

సైకిల్ సంఘం కార్యదర్శి ఈ మాట అడుగుతూ మా వంటగది బల్ల మీద ఆరు కాగితాలు పరిచాడు. నేను రాసినవే. సరస్సుల ప్రాంతంలో సైకిల్ మీద తిరిగేవాళ్ల కోసం నేను రాసిన దారుల పుస్తకం ఐదో ముద్రణకు సిద్ధమవుతోంది. పదకొండు దారులు, తొమ్మిది సరస్సులు. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, ఎక్కడ మంచినీళ్లు, ఏ మలుపులో కంకర. ఇరవై రెండేళ్లుగా నా బతుకు ఇదే. ఆ ఆరు కాగితాలు మూడో దారివి. రేవు దగ్గర మొదలై పెద్ద సరస్సును చుట్టి మళ్లీ రేవుకే చేరే నలభై ఒక్క కిలోమీటర్లు.

"ఉన్నాయి. నాలుగు," అన్నాను.

"ఇందులో ఒక్కటీ లేదు. కొంగలున్నాయి, రెల్లు ఉంది, పడవల షెడ్డు ఉంది, నీళ్లలోకి వంగిన చెట్టు కూడా ఉంది. కుడిపక్కవన్నీ ఉన్నాయి. ఎడమపక్క ఊళ్లు లేవు, కుళాయి లేదు, బడి లేదు. కొండ లేదు మేడమ్. అంత కొండ!"

కాగితాలు తీసుకుని చదివాను. నాకు ఎక్కడా వెలితి కనిపించలేదు. చక్కగా, నిండుగా ఉన్న దారి. నాకు చెమట పట్టింది అందుకే.

"ఈ నమూనా పేజీలు పట్టుకుని మొన్న ఆదివారం ఒక లెక్కల టీచరు వెళ్లింది," అని కార్యదర్శి గొంతు తగ్గించాడు. "ఇరవై ఆరో కిలోమీటరు దగ్గర దిగుడులో ఎడమ నుంచి ట్రాక్టర్ల బాట వచ్చి కలుస్తుంది కదా. పాత పుస్తకంలో 'బురద ఉంటుంది, బ్రేకు మీద చెయ్యి ఉంచండి' అని రాశారు. ఇందులో ఆ బాటే లేదు. ఆమె భుజం ఎముక విరిగింది."

పొయ్యి దగ్గర వదిన గరిటె ఆగింది.

"మీరు విశ్రాంతి తీసుకోండి. మా సభ్యుడొకాయన హ్యాండిల్‌కు మీటరు కట్టుకుని తిరుగుతాడు. దారంతా అదే గీసేస్తుంది. పేరు మాత్రం మీదే ఉంచుతాం."

"పేరు నాది, పుస్తకం ఆయనదా? అద్దె కొంపకు నా పేరు బోర్డు ఎందుకండీ?"

"మీ మంచికే మేడమ్."

"అచ్చుకు ఎప్పుడివ్వాలి?"

"పదిహేను రోజుల్లో."

"అయితే పదిహేను రోజుల తర్వాత విశ్రాంతి తీసుకుంటాను. వెళ్లిరండి."

ఐదు నెలల కిందట నా మెదడులో కుడిపక్క రక్తం గడ్డ కట్టింది. పడిపోయిన చెయ్యీ కాలూ నెలన్నరలో తిరిగి వచ్చాయి. ఎడమ రాలేదు. ఎడమ చెయ్యి కాదు, ఎడమ. అటువైపు చీకటి ఉందని మీరు అనుకోవచ్చు. చీకటి ఉంటే ఏదో ఉన్నట్టే కదా, తడుముకోవచ్చు. మీ తల వెనక ఏముందో మీకు నల్లగా కనిపిస్తోందా? లేదు. అక్కడ కనిపించకపోవడం కూడా లేదు. నా ఎడమ అలాంటిది. డాక్టరు బొమ్మలు గీసి వివరంగా చెప్పాడు, తల ఊపాను. తల ఊపడానికీ నమ్మడానికీ మధ్య ఎంత దూరముందో నా ఎడమ మోచేతికి తెలుసు. దాని మీద మూడు గాయాలున్నాయి. సైకిల్ ఎక్కొద్దని డాక్టరు చెప్పిన మాటకు 'ప్రస్తుతానికి' అన్న ముక్కను నేనే తగిలించుకుని, పదకొండు దారులూ ఒంటరిగా తిరిగివచ్చాను. ఆ దెబ్బలు ఏ గేటు స్తంభాలవో నాకు తెలియదు. టీచరు భుజం మాటేమిటి? అదీ నాకు తెలియకుండా తగిలిన దెబ్బేనా? అలా అనుకుంటే హాయిగా ఉంటుంది. ఆ హాయి మీదే నాకు అనుమానం.

వదిన నా సైకిల్‌కు ఆ సాయంత్రమే తాళం వేసింది. తాళం చెవి జాకెట్టులో దోపుకుంది.

అన్నయ్య పోయి ఆరేళ్లయింది. ఈ ఇంట్లో మేమిద్దరమే. ఆమె రేవులో పడవ టికెట్లు ఇస్తుంది. రోజుకు రెండు వందల మందితో మాట్లాడి వచ్చి, మిగిలింది నా మీద దులుపుతుంది.

"ఆడపడుచు అర్ధమొగుడని మా అమ్మ అంటుంటే ఏమో అనుకున్నా," అంది కంచం నా ముందు పెడుతూ. "నిజంగానే సగం మిగిలావు."

"ఆ సగం చాలు నిన్ను సాధించడానికి."

"ముందు తిను. తిని సాధించు."

తిన్నాను. అయిపోయిందని లేవబోయాను. వదిన ఏమీ అనకుండా కంచాన్ని గిర్రున తిప్పింది. అప్పటిదాకా లేని సగం అన్నం, సగం కూర ఎక్కడినుంచో వచ్చి కూర్చున్నాయి. ఆసుపత్రిలో వ్యాయామం చేయించే ఆవిడ నేర్పిన ఉపాయం అది. మెడ తిప్పమంటే రోగి మరిచిపోతాడు, అందుకని కంచాన్నే తిప్పండి అని చెప్పింది.

తిన్నాక వదిన పాత ముద్రణ పుస్తకం తెచ్చింది. ముక్కు మీద కళ్లజోడు, చేతిలో పెన్సిల్.

"చూడకుండా చెప్పు. మూడో దారి."

కళ్లు మూసుకుని చెప్పాను. రేవు, రెల్లు, పంపు షెడ్డు, కొంగల దిబ్బ, రాతి వంతెన. ఇరవై రెండేళ్లు తొక్కిన దారి. కళ్లతో పనేముంది? గుండెలో ఉంది కదా అనుకున్నాను. వదిన పెన్సిల్ కదలడం లేదు.

"ఊళ్లేవే?"

గుండెలోనూ లేవు. కంటికి ఆనకపోతే కన్ను చెడిందనుకోవచ్చు. జ్ఞాపకంలో కూడా సగం దారి తెగిపోయి, తెగిన చోట అతుకైనా లేకపోతే ఎవరిని అనుమానించాలి? బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

వదిన ఖాళీ కంచం వైపు చూసింది. తర్వాత నా వైపు.

"రేవు నుంచి కాదు. వెళ్లినదానివి వెనక్కి రా. అటునుంచి ఇటు చెప్పు."

కళ్లు మళ్లీ మూసుకున్నాను. మనసులో సైకిల్‌ను వెనక్కి తిప్పాను. కొండ లేచి నిలబడింది. దాని కింద బడి, బడి గంట, కుళాయి, దాన్నుంచి కారే నీళ్లు, నాలుగు ఊళ్లు ఒకదాని వెనక ఒకటి, ట్రాక్టర్ల బాట, బురద. ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాను. వదిన పెన్సిల్ టకటక గీతలు పెడుతోంది. రేవు చేరాను.

"అయ్యిందా?" అంది.

"అయ్యింది. ఒక్కటీ వదల్లేదు."

"సరస్సేదే?"

"ఏ సరస్సు?"

వదిన కళ్లజోడు తీసి నన్ను చూసింది. ముందు ఆమె నవ్వింది, తర్వాత నేను. చివరికి ఇద్దరిలో ఎవరిది ఏడుపో, ఎవరిది నవ్వో తెలియలేదు.

జ్ఞాపకం నుంచి రాయడం కుదరదు. కుళాయి ఎండిపోయి ఉండొచ్చు, వంతెన బాగుచేస్తూ ఉండొచ్చు. వెళ్లి చూడాలి. తాళం తియ్యమన్నాను. తియ్యనంది. మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు పొద్దున్న షెడ్డులో పెద్ద చప్పుడైంది. వెళ్లి చూస్తే వదిన అటక మీదినుంచి రెండు సీట్ల సైకిల్ దించుతోంది. పెళ్లయిన కొత్తలో అన్నయ్య కొన్నది. రెండుసార్లు తొక్కారు, రెండుసార్లూ పోట్లాడుకున్నారు.

"ముందు సీటు నాది," అంది చేతుల దుమ్ము దులుపుకుంటూ. "ఆయన వెనక కూర్చుని పదహారు కిలోమీటర్లు ఆయన వీపు చూశాను. ఇప్పుడు నువ్వు నాది చూడు."

"నీకు బ్రేకులెక్కడో తెలుసా?"

"నీ నోటికి తప్ప అన్నిటికీ ఎక్కడున్నాయో తెలుసు."

రెండు టైర్లు, ఒక చైను, ఒక వారం సెలవు. వెనక హ్యాండిల్‌కు ఎడమ చివర ఎర్ర టేపు చుట్టింది. ప్రతి కిలోమీటరు రాయి దగ్గర 'ఎరుపు' అని అరుస్తుంది. ఆ ఎరుపు దొరికేదాకా నేను తల తిప్పాలి. దొరికేది ఎరుపు మాత్రమే, దాని అవతల ఏమీ నిలిచేది కాదు. అయినా తిప్పాను.

పొద్దున్న అంతా నీళ్లే. ఎండ సరస్సు మీద విరిగి కళ్లలో గుచ్చుతోంది. కుడి చెంపకు గాలి, కుడి చెవికి రెక్కల చప్పుడు. చూసినవి ఫోనులో రికార్డు చేసుకుంటూ, దిగినచోట రాసుకుంటూ నలభై ఒక్క కిలోమీటర్లు చుట్టాం. రేవు దగ్గర తిని, సైకిల్ ముక్కు వెనక్కి తిప్పి, అదే దారిన ఎదురుదిక్కుగా బయలుదేరాం.

సరస్సు లేదు. పొద్దున్న నన్ను ముంచెత్తిన అంత నీరు చుక్క లేకుండా పోయింది. గాలిలో తడి ఉంది, పాచి వాసన ఉంది. బాతుల అరుపులు మాత్రం కొండ మీదినుంచి వినిపించాయి. కొండ మీద బాతులేమిటని తల ఎత్తి వెతికాను కూడా. నా మెదడు అబద్ధమాడుతోందని నాకు తెలుసు. తెలిసీ కొండ మీదే వెతికాను. కానీ కొండ ఉంది! ఎంత కొండ! గడపల్లో కూర్చున్న మనుషులు, ఆరేసిన బట్టలు, మూతపడ్డ బడి కిటికీలో ఎవరో మరిచిన గొడుగు. రెండు ముద్రణల కిందటే రాయాల్సిన కొత్త కుళాయి. ఇదంతా ఇన్నాళ్లూ నేను ముప్ఫై వేగంతో దాటిపోయిన పక్క. ఎడమ ఉన్న రోజుల్లో మాత్రం చూశానా?

ట్రాక్టర్ల బాట దగ్గర వదినను ఆపమన్నాను. ఇటునుంచి అది ఎక్కుడు, నడుస్తూ దగ్గరికి వెళ్లాను. బురదలో చక్రం జారిన గీత ఎండిపోయి ఉంది. దాని చివర ఎర్రటి ప్లాస్టిక్ ముక్క, సైకిల్ వెనక లైటుది. వంగి తీశాను. బాట నోటి నుంచి రోడ్డు మలుపు దాకా అడుగులు కొలిచాను. ముప్ఫై నాలుగు. రాసుకున్నాను.

"ఏడుస్తావా?" అంది వదిన.

"రాస్తున్నాను."

"సరే. తర్వాత ఏడువు. ఎక్కు."

పన్నెండో రోజున మేమిద్దరం సంఘం గదికి వెళ్లాం. సైకిళ్ల దుకాణం మీద చిన్న గది, గోడల నిండా పతకాలు. కార్యదర్శి మూడో దారి కాగితాలు, కొత్త ముందుమాట చదివాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"బాగుంది మేడమ్. కానీ ఇది ఒకే దారి. రెండుసార్లు రాశారు. జనం నవ్వుతారు."

"ఒకే దారి కాదు. పోయేటప్పుడు దిగుడు వచ్చేటప్పుడు ఎక్కుడు అవుతుంది, వీపు మీది గాలి మొహానికి తగులుతుంది. మీ కాళ్లకు తెలుసు ఇది."

"మేమెప్పుడూ సరస్సును కుడిపక్క ఉంచుకునే తొక్కుతాం. పందొమ్మిదేళ్లుగా. అదే పద్ధతి."

"అయితే పంపు షెడ్డు వెనక గోడ మీద ఏముందో చెప్పండి."

"ఏముంటుంది? గోడ ఉంటుంది."

"వరద గీతలున్నాయి. మా వదిన సైకిల్ ఆపి, నన్ను గోడకు ఎదురుగా నిలబెట్టి చూపించింది. ఏ ఏడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో రంగుతో గీసి, పక్కన సంవత్సరం రాశారు. అటునుంచి వచ్చేవాళ్లకే కనిపిస్తాయి."

"లేవు మేడమ్. నాకు తెలియనిదా ఆ దారి?"

వదిన సంచీ భుజాన వేసుకుంది. "బాబూ, ఆవిడకు జబ్బు చేసి సగం కనిపించదు. నీకేమైంది?"

ఆయన మొహం ఎర్రబడింది. మర్నాడు మధ్యాహ్నం ఫోను చేశాడు. గాలి హోరులో మాట సరిగా వినిపించలేదు.

"పదకొండు," అన్నాడు.

"ఏమిటి?"

"గీతలు. పదకొండున్నాయి. పై గీత నా తల కంటే ఎత్తులో ఉంది." గాలికి గొంతు పెంచాడు. "మిగతా పది దారులకూ ఎన్నాళ్లు పడుతుంది మీకు?"

"రెండు నెలలు."

"అచ్చు రెండు నెలలు ఆపుతాను. ఒక్క సంగతి. ముందుమాటలో ఒక వాక్యం తీసేయాలి."

ఏ వాక్యమో ఇద్దరికీ తెలుసు. అంతకుముందే లెక్కల టీచరు ఇంటికి వెళ్లాను. లైటు ముక్క ఆమె ముందు పెట్టి, తప్పు నాదేనన్నాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. "నేను మీ కాగితం చూస్తూ దిగాను, రోడ్డు చూడలేదు. అయినా మీ మీద కోపం పోలేదు," అంది. ఆ కోపం ఆమె హక్కు. క్షమాపణ ఆమెకు చెప్పాను. పుస్తకంలో నా జబ్బుకు క్షమాపణ చెప్పను.

"తియ్యను," అన్నాను.

"చదివేవాళ్లను అవమానించినట్టుంది మేడమ్."

"వాళ్లలో మీరూ ఉన్నారు. గోడ ముందు నిలబడి మాట్లాడుతున్నారు. తియ్యమంటారా?"

ఫోను పెట్టేశాడు. కోపంతోనో, గాలికి తెగిపోయిందో తెలియదు. ముందుమాట మాత్రం నేను రాసినట్టే అచ్చయింది: ఈ పుస్తకంలో ప్రతి దారీ రెండుసార్లు ఉంటుంది. ఎందుకంటే దీన్ని రాసిన మనిషికి ఎడమపక్క లేదు. మీకు ఉందని మీరు అనుకుంటున్నారు.

ఆ మధ్యాహ్నం నేను ఫోను పెట్టేసరికి వదిన వాకిట్లో సైకిల్ పట్టుకుని నిలబడి ఉంది.

"ఇవాళ ఏ దారి?"

"నాలుగోది. ఎత్తులు ఎక్కువ."

"ఎక్కడేడ్చాయవి? పోయేటప్పుడా, వచ్చేటప్పుడా?"

"రెండుసార్లూ," అన్నాను. ఎర్ర టేపు కనిపించేదాకా తల తిప్పి, ఎక్కి కూర్చున్నాను.