విభూతితో తోమిన పెన్నీ

మొగిలయ్య పెన్నీని, పాతకాలపు ఇంగ్లండు వెండి నాణేన్ని, అంచుల దగ్గర పట్టుకుని వెనకవైపుకు తిప్పాడు. శిలువ చేతులు అంచుదాకా చాచి ఉన్నాయి. కుడి అరలో పెట్టాడు. తర్వాతిదాని చేతులు లోపలి గుండ్రంలోనే ఆగిపోయాయి. అది ఇంకా పాతది, ఎడమకు. ఆ ఎడమవాటిని ముందువైపున్న రాజు బొమ్మ జుట్టు ఉంగరాలు చూసి మళ్లీ విడదీస్తాడు. చదివింది మూడో తరగతి, అదీ తెలుగులో. నాణెం మీది ఇంగ్లీషు అక్షరాలు అతనికి వట్టి వంకలూ గీతలూ. అయితేనేం, కరీంనగర్‌లో నలభై ఏళ్లు వెండితీగ అల్లిన కళ్లు. వెంట్రుకంత తేడా వచ్చినా పట్టేస్తాయి. ఈ పరాయి దేశంలో, హెండర్సన్ అనే ఊళ్లో పాత నాణేల కొట్టు నడిపే గ్రాహం అందుకే పనిలో పెట్టుకున్నాడు.

ఈరోజు మాత్రం మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు. పదకొండింటికి మూడో సొరుగు చూడ్డానికి బేరం వస్తోంది. నాలుగేళ్ల కిందటి తప్పు ఆ సొరుగులోనే ఉంది.

పనిలో చేరిన వారమే. నల్లబడ్డ పెన్నీ ఒకటి చేతికొచ్చింది. నల్లటి వెండిని చూస్తూ ఊరుకోలేకపోయాడు. జేబులోని విభూతి పొట్లం విప్పి బొటనవేలితో రుద్దాడు. పూజపళ్లెంలా మెరిసింది. ఏడువందల ఏళ్ల ఆ నలుపుకే విలువని మర్నాడు తెలిసింది. నోరు మెదపకుండా వరసలో పెట్టేశాడు.

ఇక ఆగలేక, టీ తాగుతున్న గ్రాహం ముందుకు వెళ్లి నిలబడ్డాడు. తోటి పనివాడు జశ్వంత్‌ను పిలిచాడు.

"బిడ్డా, గా మెరిసే పెన్నీని ఖరాబు చేసింది నేనే. సారుకు చెప్పు."

జశ్వంత్ చెప్పాడు. గ్రాహం పొట్ట కదిలేలా నవ్వి, సొరుగు లాగి, ఆ పెన్నీ కింది చీటీ చూపించాడు.

"ఆయనకు ఆరోజే తెలుసట అంకుల్. 'మొగిలయ్య తోమాడు, అమ్మకానికి కాదు' అని రాసిపెట్టాడు. నాలుగేళ్లుగా ఈ చీటీ సర్దుతున్నది మీరే!"

"ఇంగ్లీషుల రాస్తే నాకెట్ల ఎరుకైతది?"

"విభూతి ఇంకా ఉంటే తన బట్టతలకు రుద్దమంటున్నాడు."

మొగిలయ్య కూడా నవ్వేశాడు. గుండెల మీది బండ దిగింది. చాన్నాళ్లకు ఆ పూట అన్నం రుచించింది. సాయంత్రం కొట్టు మూశాక గ్రాహం అతని భుజం తట్టి కారెక్కాడు.

తెల్లారేసరికి నిద్రలోనే పోయాడు.

మొగిలయ్య వచ్చి మూడో సొరుగు తెరిచాడు. చెప్పేశాను, అదే నయం అనుకున్నాడు. నల్లటి పెన్నీల మధ్య ఒక్కటే తెల్లగా మెరుస్తోంది, దాని కింద గ్రాహం వంకర రాతలో తన పేరు.