డాలు వాణ్ణి కదిలించే ఉపాయం

గ్లాసులో టీ చల్లారిపోయింది. అర్జునరావు ముట్టనే లేదు. నిన్న షెడ్డు ఓనరు చెప్పిన మాట గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది. "కాకినాడలో కొత్త షెడ్డు పెడతన్నాను. ఇంచార్జివి నువ్వే. జీతం పెంచుతాను, ఉండటానికి క్వార్టరిస్తాను. సోమవారం పొద్దున్న ఏ సంగతీ చెప్పు."

ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. అర్జునరావుకి మాత్రం ఆ మాటలో ఏదో మెలిక కనిపించింది. మరబోట్ల ఇంజన్లు బాగుచేసే ఇక్కడి పాత షెడ్డులో అతనంతటి మెకానిక్కు లేడు. నిరుడు బామ్మర్ది గంగరాజు కుడిచెయ్యి ఇంజన్లెత్తే గొలుసు కింద నలిగినప్పుడు ఓనరు వాణ్ణి పనిలోంచి తీసేయబోతే, "ఆడెల్తే నానూ ఎల్తాను" అని అడ్డం నిలబడ్డాడు. ఓనరు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు మంచిది కాదని అప్పుడే అనిపించింది. తను కాకినాడ బస్సెక్కిన మర్నాడే గంగరాజు రోడ్డున పడతాడు.

ఈ సంగతి గంగరాజుకి చెప్పలేదు. రోజూ వీధి కుళాయి దగ్గర బిందె కోసం పదిమందితో పోట్లాడి వచ్చే పెళ్ళాం చిట్టమ్మకీ చెప్పలేదు. క్వార్టరులో కుళాయి ఉంటుందని తెలిస్తే ఆ మనిషి ఆగుతుందా?

వన్ టౌన్‌లో దావూద్‌ది పాత ఓడసామాన్ల కొట్టు. ఆదివారం మధ్యాహ్నం బావా బామ్మర్దులూ దావూదూ కొట్టు వెనక చేరి ఆట ఆడతారు; ఇవాళా అక్కడే కూర్చున్నారు. ఎవరో ఓడ ఇంజనీరు వదిలేసిపోయిన ఇంగ్లీషు పుస్తకంలోని ఆట అది. పాచికలు ఎప్పుడో పోయాయి, గవ్వలేసి ఆడతారు. దావూద్ రాకాసుల తరఫు. అర్జునరావు డాలు పట్టిన వీరుడు, గంగరాజు ఒక్క దెబ్బకి పోయే మంత్రగాడు. బల్ల మీద అర్జునరావుకి గుర్తు ఇనప నట్టు, గంగరాజుకి చొక్కా గుండీ. డాలు వాడు నిలబడ్డ చోటు నుంచి కదలనంతసేపూ వెనకున్నవాణ్ణి రాకాసి ముట్టకూడదు, అదీ నియమం.

ఇన్నాళ్ళూ దావూద్ రాకాసులు వచ్చి డాలుకి తల బాదుకుని చచ్చేవి. బావా బామ్మర్దులు అతన్ని ఏడిపించి వదిలేవారు.

"ఈయాల నవ్వండి సూద్దాం," అన్నాడు దావూద్, రాకాసికి గుర్తుగా ఇత్తడి మూత పెడుతూ. "దీనికి బుర్రుంది."

రాకాసి కత్తి దింపింది. దాని తరఫున దావూద్ గొంతు మార్చి పలికాడు: "వీరుడా, నీలాంటోడు ఈ గుమ్మం కాడ కాపలా కాయడమేటి? కొండ మీద కోట ఖాళీగా ఉంది. ఎల్లి ఏలుకో. నీ ఎనకున్నోణ్ణి నాను ముట్టను."

అర్జునరావు గవ్వలు వెయ్యబోయి ఆగాడు. "నీకెవుడు సెప్పాడు?"

"ఏటి సెప్పడం భాయ్? బుక్కులోనే ఉంది. బుర్రున్న రాకాసి డాలు వాణ్ణి కొట్టదు. కొడితే ఆడు ఇంకా గట్టిగా నిలబడతాడు. ఆడు కదలడానికి ఓ సాకు సూపిత్తాది."

"ఎల్లు బావా," అన్నాడు గంగరాజు బల్లకేసే చూస్తూ. "ముట్టనని మాటిచ్చింది గదా. నాకేటవుద్ది?"

అర్జునరావు నట్టుని కోట వైపు జరిపాడు. దావూద్ గవ్వలేసి, గుండీ తీసి పక్కన పెట్టాడు.

"మాటిచ్చింది గదరా!" అర్జునరావు అరుపుకి టీ గ్లాసు ఒలికింది.

"రాకాసి మాటకి రసీదుంటాదా భాయ్?"

అర్జునరావు ఇక ఆపుకోలేక కాకినాడ సంగతంతా కక్కేశాడు. గంగరాజు తలెత్తలేదు.

"తెలుసు బావా. శుక్రవారమే ఓనరు నన్ను పిలిసేడు. మీ బావని ఒప్పించు, నీ పనికి నాది పూచీ అన్నాడు. ఇందాక ఎల్లమన్నది ఆటలో కాదు." నలిగిన చేతిని బల్ల కింద దాచుకున్నాడు.

అర్జునరావుకి తన మీద తనకే అసహ్యం వేసింది. కోట మీద ఆశపడి నట్టు జరిపింది తనే కదా. గుండీని బల్ల మీద పెట్టి, నట్టుని తెచ్చి దాని ముందు నిలబెట్టాడు. "నాను ఎల్లను. రేపు ఆడి మొకం మీదే సెప్పేత్తాను."

గుండె కాస్త తేలికపడింది. ఆ ధైర్యంతోనే అడిగాడు: "డాలు వాడు కదలకపోతే రాకాసి ఏటి సేత్తాది దావూదూ?"

దావూద్ పేజీ తిప్పి చూశాడు. "ఊరుకోదు భాయ్. ఆడు ఎవుల మాట కాదనలేడో ఆళ్ళ కాడికెల్తాది."

అర్జునరావు చెప్పులు కూడా వేసుకోకుండా లేచాడు. జాలరిపేటలో తన ఇంటి దాకా సైకిలు ఎలా తొక్కాడో తెలియదు. ఇంటి ముందు ఓనరు స్కూటరు ఉంది. ఓనరు అప్పుడే గుమ్మం దాటి బయటికొస్తున్నాడు. అర్జునరావుని చూసి నిరుటి నవ్వే నవ్వి, బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు.

వెనకే చిట్టమ్మ వచ్చింది. పెళ్ళైనప్పట్నుంచీ ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు అర్జునరావు.

"ఏటి మావా, ఇంత మంచి మాట నా కాడ దాసేవు? ఇంట్లోకే కుళాయంట! తమ్ముడి పనికీ ఢోకా లేదని దేముడి పటం ముందు మాటిచ్చేడు. నీ తరఫున సరేననేసేను."