నోట్లో కరిగిందా?

ముప్ఫై మూడు రోజుల రేడియేషన్‌కి పెద్దాయన గొంతులో కాన్సర్ పోయింది. పోతూ పోతూ నోట్లో తడినీ, నాలుక మీది రుచినీ వెంటబెట్టుకుపోయింది. ఇంకెవరికైనా అయితే సరేలే అనుకోవచ్చు. ఈయన బిస్కెట్ ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగి! ఇరవై రెండేళ్లుగా ఆయన ముద్ర పడందే ఒక్క పెట్టె గేటు దాటలేదు. ఆయన ఒప్పుకోకముందు ఇంకెవరూ కొరకకూడదని అక్కడి కట్టుబాటు.

రుచి పోయిందని చెబితే కుర్చీ పోతుంది. ఇంట్లో కూర్చుందామా అంటే, ఆయన జావ తాగుతుంటే చూడలేక భార్య వంటింట్లో నిలబడి చాటుగా తింటోంది. ఆ జాలి భరించలేకే నీళ్ల సీసా చంకన పెట్టుకుని పనిలోకి వచ్చేశాడు.

సరుకు రుచి చూసి నింపాల్సిన కాగితంలో మొదటి ప్రశ్న, నోట్లో కరిగిందా అని. కొరికితే ఇసుక నమిలినట్టుంది. అబద్ధం రాయడం చేతకాని మనిషి, ‘లేదు’ అని రాసి సరుకు తిప్పికొట్టాడు. ఇక రుచి గురించిన రెండో ప్రశ్నతో పనే లేకపోయింది.

పొయ్యి మేస్త్రి బుర్ర గోక్కుని వెన్న పెంచాడు. లేదు. పాలు పోశాడు. లేదు. తిప్పికొట్టిన పెట్టెలు గోదాము కప్పును తాకాయి. మేనేజరు చివరికి కాల్చడమే వద్దని పొయ్యే ఆర్పించేశాడు. మహానుభావులు, ఒక్కరైనా ఒక ముక్క నోట్లో వేసుకుని చూస్తేనా!

పదిహేనో రోజున బిస్కెట్ గ్లాసులో వచ్చింది. పెద్దాయన తాగి ‘అవును’ అని రాశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కలం రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

“రుచి తెలీదండీ. జబ్బు చేసినప్పటి నుంచీ ఏదీ తెలీడం లేదు,” అన్నాడు పెద్దాయన. “కానీ ఇన్నాళ్లకి నీళ్లు లేకుండా గొంతు దిగిన బిస్కెట్ ఇదే.”

మేనేజరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చదివాడు. రుచి ఎవరి నోటితో చూడాలో అందులో ఎక్కడా లేదు.

“ఖాళీ వదిలితే కుదరదు. రేపటికి నింపుకు రండి,” అని ఇంకో గ్లాసు నింపించి చేతికిచ్చాడు.

సాయంత్రం ఆయన దాన్ని భార్య ముందు పెట్టి, తన జావ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు.

“కూర్చుని తాగు. ఆఫీసు పని,” అన్నాడు.

ఆమె కూర్చుంది. ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

“ఇందులో చక్కెరే వెయ్యలేదండీ.”

పెద్దాయన మనసారా నవ్వి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకుని, సరుకు మళ్లీ తిప్పికొట్టాడు. ఆ పూట ఆమె కంచం కూడా బల్ల మీదికి వచ్చింది.